సెకండ్ హ్యాండ్ ఎయిర్ పిస్టల్ ఆర్నెల్ల వాడకం: గుళ్లన్నీ కిందికే ఎందుకు పోయాయంటే

ముప్పై ఏళ్లుగా లేత్ మీద పని చేస్తున్నాను. ఈ పిస్టల్‌ని తిట్టినన్ని తిట్లు ఇంతవరకూ ఏ మిషన్‌నీ తిట్టలేదు. అందులో సగానికి పైగా అన్యాయంగా తిట్టినవే. అందుకే కూర్చుని ఈ రివ్యూ రాస్తున్నాను.

నాది ఒంగోల్లో చిన్న లేత్ షాపు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల నుంచి అరిగిపోయిన షాఫ్టులు, బుష్షులు, పుల్లీలు వస్తుంటాయి. వాటితోనే నా బతుకు. మా అమ్మాయి నెల్లూర్లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్ పది మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో కాంస్యం కొట్టింది. ఆ వెంటనే సరబ్‌జోత్ సింగ్‌తో కలిసి మిక్స్‌డ్ టీంలో ఇంకోటి కొట్టింది. ఆ వారం మా ఇంట్లో టీవీ ఆగలేదు. అప్పుడు పట్టుకుంది మా పిల్లకి ఈ పిచ్చి. నెల్లూర్లో ఒక పెద్దాయన దగ్గర నేర్చుకుంటోంది. మిలిటరీలో చేసి రిటైరయ్యారు. మేమంతా ఆయన్ని సార్ అనే అంటాం. ఏడాది పాటు ఆయన దగ్గరున్న పిస్టల్‌తోనే నెట్టుకొచ్చింది. పోటీలకు పోవాలంటే సొంతది ఉండాలంది.

కొత్తది కొనే స్తోమత నాకు లేదు. మ్యాచ్‌లకు వాడే విదేశీ పిస్టల్ కొత్తదంటే లక్షల్లో మాట. హైదరాబాద్‌లో ఒకాయన ఆట మానేసి అమ్ముతుంటే డెబ్బై ఎనిమిది వేలకు తీసుకున్నాం. కంపెనీ పేరు రాయడం లేదు. నాలుగు చేతులు మారిన వస్తువు చూసి కంపెనీని మెచ్చుకున్నా తిట్టినా న్యాయం కాదు.

షాపు పక్కన టీ కొట్టు ఆయన మొదటి రోజే అడిగాడు, "ఏందన్నా, తుపాకీ తెచ్చినావంట, లైసెన్సుందా?" అని. ఆయనకు చెప్పిందే ఇక్కడా చెప్తున్నాను. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం .177 అంగుళాల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్ల (గుండు శక్తి కొలత) లోపు ఉన్న ఎయిర్ పిస్టల్‌కి లైసెన్సు అక్కర్లేదు. ఇది అర గ్రాము సీసపు గుండుని సెకనుకి 150 మీటర్ల వేగంతో వదులుతుంది. లెక్కేస్తే ఆరు జౌళ్లు కూడా రాదు. అట్టాగని ఆటబొమ్మ కాదు, కంటికి తగిలితే కన్ను పోతుంది. కాల్చేటప్పుడు షాపు షట్టర్ కిందికి దించేస్తాం. కళ్లజోడు పెట్టుకోకుండా లోపలికి ఎవర్నీ రానివ్వం. గుండు తగిలే చోట ఇనుప రేకుని ఏటవాలుగా బిగించి, ముందర పాత కన్వేయర్ బెల్టు రబ్బరు వేలాడదీశాను. వెనక గోడ రాతి గోడ.

ఇక అసలు గొడవ. మొదటి శనివారం పినాకిని రైల్లో దిగింది మా అమ్మాయి. చేతిలో మలై కాజా డబ్బా, భుజాన బ్యాగు. అన్నం కూడా తినకుండా షాపుకి వచ్చింది. టార్గెట్ కాగితం 17 సెంటీమీటర్ల చదరం. మధ్యలో నల్లటి వృత్తం 59.5 మి.మీ. వ్యాసం. పది పాయింట్ల గడి 11.5 మి.మీ. మాత్రమే, అంటే చొక్కా గుండీ అంత. అక్కణ్ణుంచి ఒక్కో రింగూ 8 మి.మీ. వెడల్పు. ఇరవై గుళ్లు కాల్చింది. ఒక్కటి కూడా చెల్లాచెదురు కాలేదు, అన్నీ ఒకే చోట గుంపుగా పడ్డాయి. అయితే ఆ చోటు నల్ల వృత్తం అడుగు అంచు. నడిమధ్యకి 30 మి.మీ. కింద, కొంచెం ఎడమకి. అంటే ఏడుకీ ఆరుకీ మధ్య.

"గురి బాగానే ఉంది నాయనా, గుళ్లు కిందికి పోతన్నాయి" అంది.

ఆ మాటతో నాలో మెకానిక్ లేచాడు. గుళ్లన్నీ ఒకే చోట పడుతున్నాయంటే మనిషి తప్పు కాదు, మిషన్ సెట్టింగ్ తప్పు అని తేల్చేశాను. లేత్‌లో కూడా అంతే కదా. పది ముక్కలూ ఒకే తేడాతో వస్తే టూల్ సెట్టింగ్ చూస్తాం, పని చేసే కుర్రాణ్ణి తిట్టం.

గురి చూసే వెనక సైటు (గాడి ఉండేది) కింద ఒక స్క్రూ ఉంది, తిప్పితే సైటు పైకీ కిందికీ జరుగుతుంది. దాని పక్కన ఒక వైపు హెచ్, ఇంకో వైపు టి అని చెక్కి ఉంది. హెచ్ అంటే హై అనుకున్నాను. గుళ్లు పైకి రావాలి కాబట్టి హెచ్ వైపు పది క్లిక్కులు తిప్పాను. మా పిల్ల మళ్లీ కాల్చింది. గుంపు ఇంకా కిందికి పోయింది! కొలిస్తే 50 మి.మీ. కిందుంది, తెల్ల కాగితంలో. ఇంకో రెండు క్లిక్కులు తిప్పితే స్క్రూ బిగుసుకుంది. సైటు పాడైపోయింది, అమ్మినోడు మోసం చేశాడు అని నిర్ధారించేసుకున్నాను.

ఇంక మిగిలింది బ్యారెల్ కొస వైపు ఉండే ముందు సైటు. ముందు సైటు ఎత్తు ఎక్కువైతే గుళ్లు కిందికి పోతాయి, తగ్గిస్తే పైకొస్తాయి. ఇది ఏ పిస్టల్‌కైనా వర్తించే మాటే. సైటు కదలని రకం రివాల్వర్లకు చాలామంది ఆకురాయితో ముందు సైటుని అరగదీసే సరిచేస్తారు. లెక్క కూడా సులువే. గుండు ఎంత తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించడమే. మా దాంట్లో సైట్ల మధ్య 340 మి.మీ. ఉంది. టార్గెట్ పది వేల మి.మీ. దూరంలో ఉంది. 50ని 340తో గుణించి 10,000తో భాగిస్తే 1.7 మి.మీ. ముందు సైటుకి మార్కింగ్ బ్లూ పూసి, వెర్నియర్‌తో 1.7 దగ్గర గీత గీశాను. వైసులో రాగిరేకు ముక్కలు పెట్టి బిగించబోతుంటే మా పిల్ల అడ్డమొచ్చింది.

"సార్‌కి ఒక్కసారి ఫోన్ చేద్దాం నాయనా. అరగదీసింది మళ్లీ అతుక్కోదు కదా."

ఈ మాట నేను నా కుర్రాళ్లకి రోజూ చెప్పేదే. ఏం మాట్లాడను?

సార్ అంతా విన్నారు. "ముందు ఆ ఆకురాయి లోపల పెట్టెయ్యండి" అన్నారు. తర్వాత నవ్వు ఆపుకుంటూ చెప్పారు: హెచ్ అంటే ఇంగ్లీషు హై కాదంట. అది జర్మన్ పద్ధతి. 'గుండు పైకి పోతే ఇటు తిప్పు' అని దాని అర్థం. అంటే హెచ్ వైపు తిప్పితే గుళ్లు కిందికి దిగుతాయి. కిందికి పోయేవాటిని పైకి తేవాలంటే టి వైపు తిప్పాలి. నేను ఎక్కాల్సిన బస్సుకి ఎదురుగా వచ్చే బస్సెక్కి కూర్చున్నానన్నమాట. సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. అక్షరాల్ని నమ్మొద్దు, అయిదు క్లిక్కులు తిప్పి గుంపు ఎటు జరిగిందో చూడండి. మా దాంట్లో క్లిక్కుకి సుమారు 2 మి.మీ. కదులుతోంది.

తిప్పిన పన్నెండు క్లిక్కులూ వెనక్కి తిప్పి మళ్లీ మొదటికొచ్చాం. "ఇప్పుడు మీరు కాల్చండి, చెయ్యి దేనికైనా ఆనించి" అన్నారు సార్. మా షాపులో చీమకుర్తి గెలాక్సీ రాయి పలక ఒకటుంది. లెవెల్ చూడ్డానికి వాడుకుంటాను. దాని మీద ఇసక మూట పెట్టి, మణికట్టు మూట మీద ఆనించాను. బ్యారెల్ గానీ గాలి సిలిండర్ గానీ రాయికి తగలకూడదు, తగిలితే గుండు పడే చోటే మారిపోతుంది. పది గుళ్లు కాల్చాను. వయసు మీద పడి కళ్లు అంతంతమాత్రమే అయినా ఎక్కువ భాగం తొమ్మిదిలో, మధ్యకి కాస్త కిందగా పడ్డాయి.

మా పిల్ల ముఖం చూడలేకపోయాను. తప్పు తనదే అనుకుంది పాపం. కానీ అదీ పూర్తిగా నిజం కాదు.

ఇక్కడే నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది. నేను ముందు సైటు పైఅంచుని నల్ల వృత్తం అడుక్కి ఆనించి పట్టుకున్నాను. చూసే ఎవరికైనా అట్టాగే తోస్తుంది. మా పిల్లకి సార్ నేర్పింది వేరు. వృత్తం అడుక్కీ సైటుకీ మధ్య తెల్ల ఖాళీ వదలాలి. నల్లటి సైటు నల్లటి వృత్తంలో కలిసిపోతే అంచు తెలియదు కదా, అందుకని. ఖాళీ వదిలి పట్టినా గుండు మధ్యలోనే పడేట్టు వెనక సైటుని సెట్ చేసుకుంటారు. అమ్మినాయనకి ఫోన్ చేసి అడిగాం. ఆయన నాలాగే అడుక్కి ఆనించి పట్టేవాడంట. మా పిల్ల వదిలే ఖాళీ సుమారు 15 మి.మీ. సైటు ఆయన పద్ధతికి సెట్టయి ఉంటే, తను పట్టినప్పుడు ఆ 15 మి.మీ. కిందే పడతాయి. పిస్టల్‌ది తప్పు కాదు, పిల్లదీ తప్పు కాదు. టి వైపు ఎనిమిది క్లిక్కులు. ఒక్క నిమిషం పని.

సగం లెక్క తేలింది. మిగతా 15?

మరుసటి రోజు పొద్దున సిలిండర్ మీద గేజు చూశాను. ముల్లు ఎర్ర గీతకి దిగువన ఉంది. ఇది గాలి ముందే నింపుకునే రకం, సిలిండర్‌లో 200 బార్ ప్రెజర్ దాకా ఎక్కించొచ్చు. లోపల ఒక రెగ్యులేటర్ ఉండి, ప్రతి షాట్‌కీ ఒకే కొలతగా గాలి వదులుతుంది. ప్రెజర్ మరీ పడిపోతే అది కూడా చేతులెత్తేస్తుంది, గుండు వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే ఎంత కిందికి పోవాలి? కాగితం మీద లెక్క వేశాను. సెకనుకి 150 మీటర్ల వేగంతో పది మీటర్లు పోయేలోగా గుండు 22 మి.మీ. కిందికి జారుతుంది. వేగం 130కి పడిందనుకుంటే 29 మి.మీ. జారుతుంది. తేడా ఏడు మి.మీ., దాదాపు ఒక రింగు. అంటే గాలి తగ్గడం నిజమైన కారణమే, కాకపోతే చిన్న కారణం. ఇంటర్నెట్‌లో వీడియోలు చూసి గాలి, గాలి అని గాబరా పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోండి. చేతి పంపుతో గాలి కొట్టడం మాత్రం నరకం. మే నెలలో ఒంగోలు ఉక్కలో అయితే బనియన్ పిండుకోవాల్సిందే.

పెల్లెట్లు (సీసపు గుళ్లు) కూడా మార్చి చూశాం. తల చదునుగా ఉండే మ్యాచ్ రకం రెండు కంపెనీలవి. గుంపు సైజులో కొద్దిగా తేడా వచ్చింది, ఎత్తులో చెప్పుకోదగ్గ మార్పు లేదు.

గాలి నింపి, సైటు సరిచేసిన తర్వాత ఇసక మూట మీద ఆనించి మా పిల్ల కాలిస్తే పదీ తొమ్మిదీ. లేచి నిలబడి ఒంటిచేత్తో కాలిస్తే మళ్లీ కిందికే. ఈసారి గడియారంలో ఏడు గంటల ముల్లు ఉండే వైపు, ఎనిమిదిలో. కొట్టినవన్నీ కాదు, మూడింటికొకటి.

సార్ ఒక కిటుకు చెప్పారు. ఈ పిస్టళ్లలో గాలి పోకుండా ట్రిగ్గర్ మాత్రమే ప్రాక్టీసు చేసుకునే ఏర్పాటు ఉంటుంది, చిన్న మీట తిప్పితే చాలు. ఇక నుంచి పిస్టల్ నేనే లోడ్ చేసి ఇవ్వాలి. కొన్నిసార్లు పెల్లెట్ పెట్టి, కొన్నిసార్లు తనకి తెలియకుండా ఖాళీగా మీట తిప్పి. నేను పక్కన నిలబడి టార్గెట్ కాకుండా బ్యారెల్ కొస చూడాలి. పది సార్లు ఇచ్చాను, అందులో నాలుగు ఖాళీవి. నాలుగింట్లో మూడుసార్లు ట్రిగ్గర్ తెగే (నొక్కు పూర్తయ్యే) క్షణంలో బ్యారెల్ కొస కిందికి వంగింది. నాటుకోడి గింజ పొడిచినట్టు, ఒక్క వంపు. గుండు లేదు, గాలి లేదు, వెనక్కి తన్నే దెబ్బ లేదు. అయినా వంగింది.

"నేనేం వంచలేదు" అంది.

ఫోన్‌లో తీసి చూపించాను. స్లోమోషన్‌లో రెండుసార్లు చూసుకుంది. తర్వాత నవ్వింది. ఆ నవ్వుతో నా టెన్షన్ కూడా పోయింది.

ఇది బెదురు కాదంట, సార్ చెప్పారు. ఎయిర్ పిస్టల్‌లో బెదరడానికి దెబ్బ ఎక్కడుంది? ఇది ఆత్రం. సైట్లు సరిగ్గా కుదిరిన ఆ అర సెకనులో 'ఇప్పుడే' అని ట్రిగ్గర్ వేలితో పాటు మొత్తం అరచెయ్యి బిగుసుకుంటుంది, ముఖ్యంగా చిటికెన వేలు. చిటికెన వేలు బిగిస్తే పిస్టల్ ముందు భాగం కిందికి దిగుతుంది. కావాలంటే మీరే ఒక పెన్ను పిడికిట్లో పట్టుకుని చిటికెన వేలు మాత్రం నొక్కి చూడండి. కుడిచేతి వాళ్లకి కింద ఎడమవైపు ఎందుకు పోతాయో అర్థమవుతుంది.

అయితే ఆత్రానికి కూడా ఒక మెకానికల్ కారణం దొరికింది, నేను ఊరికే ఉండే రకం కాదు కాబట్టి. రూలు ప్రకారం ట్రిగ్గర్ తెగడానికి కనీసం 500 గ్రాముల బరువు పట్టాలి. కిరాణా కొట్టు నుంచి అరకిలో తూకపు రాయి అడిగి తెచ్చి, ట్రిగ్గర్‌కి తీగతో వేలాడదీసి ఎత్తాను. పిస్టల్ పేలకుండా రాయి లేచింది, అంటే రూలు లోపలే ఉంది. కానీ ట్రిగ్గర్ మొదటి దశ (తెగేలోపు వేలు తేలిగ్గా పోయే దూరం) చాలా పొట్టి. సార్ దగ్గరి పిస్టల్‌లో వేలు మెల్లగా కొంత దూరం పోయి ఆగి, అప్పుడు తెగేది. ఇందులో తాకగానే గోడ. పాత అలవాటుకి వేలు తడుముకుంటూ వచ్చి గోడని గుద్దుకుంటోంది. మొదటి దశ పొడవు పెంచే స్క్రూ ఉంది, ఒకటిన్నర చుట్టు తిప్పాం. ఆ తర్వాత మళ్లీ అరకిలో రాయి పరీక్ష చెయ్యడం మర్చిపోకండి.

రెండోది గ్రిప్పు. చెక్క గ్రిప్పు అది, పాత ఆయనది పెద్ద చెయ్యి. మా పిల్ల అరచేతికీ చెక్కకీ మధ్య బొటనవేలి మొదట్లో ఖాళీ. ఖాళీ ఉంటే వదులు, వదులైతే బిగించి పట్టడం, బిగిస్తే కొస దిగడం. కళ్లు మూసుకుని చెయ్యెత్తి, గురి కుదిరిందనుకున్నాక కళ్లు తెరవమన్నాను. ప్రతిసారీ ముందు సైటు వెనక గాడిలో కిందికి మునిగి కనిపిస్తోంది. ముందు సైటు మునిగితే గుండు కిందికే. వడ్రంగి దగ్గర చెక్క లప్పం తెచ్చి ఆ ఖాళీలో పెట్టాను. ఆరక ముందే తను పట్టుకుంది, వేళ్ల గుర్తులు పడ్డాయి. ఆరిన తర్వాత మిగులు తీసేశాను. ఆ రోజు పక్కన పెట్టిన ఆకురాయే. చెయ్యి చుట్టూ పూర్తిగా చుట్టేసేలా మాత్రం కట్టకూడదు, మణికట్టుకి ఆసరా ఇవ్వకూడదని రూలు.

ఇంక మిగిలింది మెదడు. పదిహేను రోజులు టార్గెట్ తీసేసి తెల్ల కాగితం అంటించాం. రోజుకి ముప్పై సార్లు ఖాళీ ట్రిగ్గర్. చూపు ముందు సైటు మీదే ఉండాలి, కాగితం మసకగా కనిపించినా సరే. హాస్టల్ రూములో గోడకి ఎదురుగా నిలబడి చేస్తుంటే రూమ్మేట్లు మొదట్లో పిచ్చెక్కిందనుకున్నారంట. ఇప్పుడు వాళ్లే 'ఈ రోజు ముప్పై అయిందా' అని అడుగుతున్నారు.

ఆర్నెల్ల తర్వాత పరిస్థితి ఇది. అరవై షాట్ల పూర్తి మ్యాచ్ డెబ్బై అయిదు నిమిషాల్లో కాల్చాలి. మొదట్లో ఆరు వందలకి 521 కొట్టేది, పోయిన నెల ప్రాక్టీసులో 546 కొట్టింది. ఇంకా అప్పుడప్పుడూ ఒక గుండు ఎనిమిదిలోకి, ఆ ఏడు గంటల ముల్లు వైపుకి పోతుంది. అప్పుడు తనే నా వైపు చూసి కోడి గింజ పొడిచినట్టు తల ఊపుతుంది.

ఇక పిస్టల్ సంగతి. బ్యారెల్ బ్రహ్మాండం, ఆనించి కాలిస్తే ఇప్పటికీ గుళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. సైటు స్క్రూ గట్టిగా, క్లిక్కులు స్పష్టంగా ఉన్నాయి. నా మొరటుతనాన్ని తట్టుకుంది. సముద్రపు గాలికి బయటి స్క్రూల మీద తుప్పు మొదలైంది, వారానికోసారి నూనె గుడ్డతో తుడుస్తున్నాం. ట్రిగ్గర్ సర్దుకోవడానికి స్క్రూలు బోలెడు. అదే దాని మంచి, అదే చెడు. చేతివాటం ఉన్నవాళ్లు ఊరికే కెలుకుతారు, నాలాగా.

కొనేముందు నేను చూడనిది ఒకటుంది, మీరు తప్పకుండా చూడండి. సిలిండర్ మీద తయారైన తేదీ చెక్కి ఉంటుంది. అక్కణ్ణుంచి పదేళ్లే దాని ఆయుష్షు. గడువు దాటితే పెద్ద పోటీల్లో చెకింగ్ దగ్గర ఆపేస్తారు, వాడటం ప్రమాదం కూడా. మా సిలిండర్‌కి వచ్చే మార్చి దాకే ఉంది. డెబ్బై ఎనిమిది వేలు అనుకున్న ధర మీద కొత్త సిలిండర్ ఖర్చు కూడా పడుతుంది. బేరమాడేటప్పుడు ఆ తేదీ చూసుంటే ఆ డబ్బులు కచ్చితంగా తగ్గించుకునేవాణ్ణి.